గాలి, నీళ్లతో ఇంధనం: ముందు కరెంటు లెక్క చెప్పండి

సంపాదకులకు,

నమస్కారం.

'గాలి, నీళ్లతో పెట్రోలు తయారు' అనే తరహా శీర్షికలు అడపాదడపా వార్తల్లో కనిపిస్తున్నాయి. అందులో అబద్ధమేమీ లేదు. నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిపితే పెట్రోలు, డీజిల్, విమాన ఇంధనం ఏదైనా చేయవచ్చు. అయితే ఆ శీర్షిక చూసినవారికి గాలీ నీళ్లూ ఊరికే దొరుకుతాయి కాబట్టి ఇంధనమూ అలాగే దొరుకుతుందనిపిస్తుంది. చిక్కంతా అక్కడే. నీళ్లంటే కాలిపోయిన హైడ్రోజన్. కార్బన్ డయాక్సైడ్ అంటే కాలిపోయిన కార్బన్. రెండూ బూడిదే. బూడిదను తిరిగి కట్టెగా మార్చాలంటే ఆ కట్టె కాలినప్పుడు ఇచ్చిన వేడినంతా మళ్లీ పెట్టాలి, దారిలో వృథా అయ్యేది అదనంగా పెట్టాలి. కరెంటును ద్రవంగా మార్చి ట్యాంకులో దాచుకునే పద్ధతిగానే సింథటిక్ ఇంధనాన్ని చూడాలి. ఆ కరెంటు ఎంత, ఎక్కడిది అని చెప్పని వార్త సగం వార్తే.

'సింథటిక్' అన్న మాట వినగానే శుభ్రమైనదనుకోవడం ఇంకో పొరపాటు. ఫ్రాంజ్ ఫిషర్, హాన్స్ ట్రాప్ష్ 1925లో జర్మనీలోని మ్యూల్‌హైమ్‌లో కనిపెట్టిన పద్ధతి బొగ్గును గ్యాసుగా మార్చి, ఆ గ్యాసు నుంచి నూనె తీయడానికి పుట్టింది. అంతకుముందే ఫ్రీడ్రిష్ బెర్గియస్ బొగ్గుపొడిని అధిక పీడనంలో హైడ్రోజన్‌తో కలిపి నేరుగా ద్రవంగా మార్చే దారి చూపించాడు. 1927లో లాయ్‌నాలో ఆ పద్ధతిన ఫ్యాక్టరీ మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ విమానాలు ఎక్కువగా ఇలా బొగ్గు నుంచి వచ్చిన పెట్రోలుతోనే ఎగిరాయి. దక్షిణాఫ్రికాలో సాసోల్ సంస్థ 1955 నుంచీ ఇదే పని చేస్తోంది. అక్కడి సెకుండా ప్లాంటు ప్రపంచంలో ఒకేచోటి నుంచి అత్యధికంగా కార్బన్ డయాక్సైడ్ వదిలే కర్మాగారాల్లో ఒకటి. బొగ్గు నుంచి చేసిన డీజిల్‌కు గనిలో మొదలుకొని బండి పొగగొట్టం దాకా లెక్కేస్తే మామూలు డీజిల్‌కు ఇంచుమించు రెట్టింపు కాలుష్యం. రసాయనికంగా చూస్తే బొగ్గు నుంచి వచ్చిన ద్రవానికీ, గాలిమర కరెంటుతో చేసిన ద్రవానికీ పెద్ద తేడా ఉండదు. సీసాలో పోసి చూపిస్తే ఏది ఏదో కళ్లతో గుర్తుపట్టలేం. తేడా అంతా హైడ్రోజన్ ఎక్కడిది, కార్బన్ ఎక్కడిది అన్నదాంట్లోనే ఉంది.

ఒక్క లీటరు సింథటిక్ డీజిల్ తీసుకుని లెక్క చూద్దాం. బరువు సుమారు 780 గ్రాములు. అందులోని కార్బన్ కోసం కనీసం 2.45 కిలోల కార్బన్ డయాక్సైడ్ కావాలి. దానిలోని ఆక్సిజన్‌ను ఊడదీయడానికీ, మిగిలిన కార్బన్‌కు అతకడానికీ కలిపి కిలోలో మూడో వంతు హైడ్రోజన్ పడుతుంది. కిలో హైడ్రోజన్‌కు నేటి యంత్రాలు 50 నుంచి 55 యూనిట్ల కరెంటు తింటాయి. అంటే హైడ్రోజన్ ఒక్కదానికే 17, 18 యూనిట్లు. గాలి నుంచి కార్బన్ డయాక్సైడ్ పట్టడానికి, గ్యాసుల పీడనం పెంచడానికి, వేడి చేయడానికి, పనికిరాని ఉపఉత్పత్తుల కింద పోయేదానికి కలిపితే మొత్తం 22 నుంచి 25 యూనిట్లకు చేరుతుంది. చేతికొచ్చిన లీటరులో ఉండే శక్తి తొమ్మిదిన్నర యూనిట్లు. సగానికి పైగా తయారీలోనే పోయింది. ఇక ఇంజిన్‌లో పోస్తే అందులో నాలుగింట దాదాపు మూడు వంతులు రేడియేటరు, పొగగొట్టం దారిన వేడిగా పోతాయి.

అవే 24 యూనిట్లు నేరుగా బ్యాటరీ కారుకు ఎక్కిస్తే 130 కిలోమీటర్లకు పైగా తిరగవచ్చు. లీటరు డీజిల్‌తో అదే సైజు కారు 20 కిలోమీటర్లు పోతే గొప్ప. ఇంజినీర్లు ఎంత తెలివిగా పనిచేసినా ఈ తేడా పూర్తిగా పూడదు. నీటిని విడగొట్టడానికి కిలో హైడ్రోజన్‌కు కరెంటు, వేడి కలిపి సైద్ధాంతికంగానే 39 యూనిట్లకు పైగా పడుతుంది. ప్రకృతి విధించిన ఆ హద్దును ఏ కొత్త ఆవిష్కరణా తగ్గించలేదు. కొత్త పద్ధతులు చేయగలిగిందల్లా ఈ 39కీ 55కీ మధ్య ఉన్న ఖాళీని తగ్గించడమే.

ఇంతకన్నా ప్రమాదకరమైన లెక్క ఇంకొకటుంది. ఆ 24 యూనిట్లు బొగ్గు విద్యుత్ కేంద్రం నుంచి వస్తే, యూనిట్‌కు దాదాపు కిలో చొప్పున 20 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. మామూలు డీజిల్ లీటరు కాలిస్తే వచ్చేది 2.6 కిలోలే. ఏడెనిమిది రెట్లు ఎక్కువ కాలుష్యం చేసి, దానికి 'హరిత ఇంధనం' అని పేరు పెట్టడం పాఠకులను మోసం చేయడమే. ఏడాది మొత్తానికి సౌర విద్యుత్తు కొన్నట్టు కాగితం చూపించి, రాత్రిపూట గ్రిడ్ నుంచి బొగ్గు కరెంటు లాగినా ఫలితం ఇదే. అందుకే యూరోపియన్ యూనియన్ నిబంధనలు 2030 నుంచి గంట గంటకూ సరిపోల్చి చూపమంటున్నాయి: ఈ గంటలో వాడిన కరెంటు ఈ గంటలోనే పునరుత్పాదక వనరు నుంచి వచ్చి ఉండాలి. శిలాజ ఇంధనంతో పోలిస్తే కనీసం 70 శాతం ఉద్గారాలు తగ్గాలన్న షరతూ ఉంది. ఈ రెండూ సరైన షరతులే. వీటిని సడలించాలన్న ఒత్తిడికి ఎవరూ తలొగ్గకూడదు.

కార్బన్ సంగతికొస్తే, గాలి నుంచి తీయడం చెప్పినంత తేలిక కాదు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పదివేల పాళ్లలో నాలుగు పాళ్లకు కాస్త ఎక్కువ. ఘనపు మీటరు గాలిలో ఉండేది ముప్పావు గ్రాము. లీటరు డీజిల్‌కు కావలసిన 2.45 కిలోల కోసం మూడువేల ఘనపు మీటర్లకు పైగా గాలిని ఫ్యాన్లతో లాగాలి. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న గదులు నూటపదికి పైనే. లోపలికి వచ్చిన వాయువులో ఒక్క అణువు కూడా జారిపోకపోతే ఈ లెక్క. నిజానికి మూడో వంతు జారిపోతుంది కాబట్టి గదులు నూటయాభై దాటుతాయి. పట్టుకునే పదార్థం సాధారణంగా అమీన్ (కార్బన్ డయాక్సైడ్‌ను అతికించుకునే రసాయనం) పూసిన వడపోత. నిండాక దాన్ని 80 నుంచి 100 డిగ్రీలకు వేడిచేస్తే వాయువు వదిలేస్తుంది. ఇక్కడ జరిగే తప్పు ఒకటుంది: లోపలి గాలిని పంపుతో పూర్తిగా లాగేయకముందే వేడి మొదలుపెడితే మిగిలిన ఆక్సిజన్ అమీన్‌ను తినేస్తుంది. కొన్నేళ్లు రావలసిన వడపోత చాలా ముందే చచ్చుబడుతుంది.

అందువల్ల ఇప్పటికిప్పుడు మొదలుపెట్టేవారికి తెలివైన చోటు పులియబెట్టే పరిశ్రమ. చక్కెర పులిసి ఆల్కహాల్ అయ్యేటప్పుడు కిలో ఆల్కహాల్‌కు దాదాపు కిలో కార్బన్ డయాక్సైడ్ విడుదలవుతుంది. తేమ తీసేస్తే అది ఇంచుమించు శుద్ధమైన వాయువు. మొక్క గాలి నుంచి పట్టిందే గనుక లెక్కలోనూ చిక్కులేదు. బయోగ్యాస్ శుద్ధి చేసేచోట మిగిలేదీ అంతే. సిమెంటు బట్టీ, విద్యుత్ కేంద్రం పొగగొట్టాల నుంచి పట్టినది వేరు. భూమిలోంచి తవ్విన ఆ కార్బన్ మరో ప్రయాణం చేసి చివరికి గాలిలోనే కలుస్తుంది. దాన్ని ఫ్యాక్టరీ ఒకసారి, ఇంధనం అమ్మేవాడు ఒకసారి 'తగ్గించాం' అని రెండుచోట్లా రాసుకుంటే వచ్చే తగ్గింపు కాగితం మీదే ఉంటుంది.

ఇక ప్లాంటు లోపల ఏం చెడుతుందో పత్రికల్లో దాదాపు ఎక్కడా రాయరు. అందుకే కాస్త వివరంగా చెబుతాం. హైడ్రోజన్ తీసే యంత్రంలో పాత, నమ్మకమైన రకం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంతో నడుస్తుంది. 25 నుంచి 30 శాతం గాఢత, నికెల్ పలకలు, మధ్యలో సన్నని పొర. ఎండ తగ్గి కరెంటు పడిపోయినప్పుడు దీనితో అసలు ఇబ్బంది. పొర గుండా అవతలికి జారే హైడ్రోజన్ పరిమాణం పెద్దగా తగ్గదు, కానీ అటువైపు తయారయ్యే ఆక్సిజన్ తగ్గిపోతుంది. అందుకని ఆక్సిజన్‌లో హైడ్రోజన్ శాతం ఎక్కుతూ పోతుంది. 4 శాతం దాటితే నిప్పురవ్వ చాలు, అంటుకుంటుంది. కాబట్టి 2 శాతం దగ్గరే యంత్రం ఆగిపోయేలా పెడతారు. ఆగిన ప్రతిసారీ పలకల మధ్య కాసేపు కరెంటు తిరుగుముఖం పట్టి, నికెల్ మీది పూతను కొంచెం కొంచెంగా కొరుకుతుంది. మబ్బులు పట్టినప్పుడల్లా ఆపి, మళ్లీ నడిపితే యంత్రం ఆయువు ముందే తీరుతుంది. పాలిమర్ పొర రకం ఎక్కువ తక్కువలకు చురుగ్గా స్పందిస్తుంది. అయితే దానికి ఇరిడియం కావాలి. ఆ లోహం ప్రపంచమంతా కలిపి ఏడాదికి ఏడెనిమిది టన్నులే వస్తుంది. నీళ్లలో ఇనుము, కాల్షియం జాడలున్నా పొర పాడవుతుంది. వాహకత (కరెంటును పోనిచ్చే గుణం) సెంటీమీటరుకు ఒక మైక్రోసీమెన్స్ కన్నా తక్కువ ఉన్న నీళ్లే పోయాలి.

నీళ్ల కొరత గురించి చాలామంది భయపడతారు. ఇక్కడ మాత్రం లెక్క ఊరటనిస్తుంది. లీటరు ఇంధనానికి హైడ్రోజన్ కోసం మూడు లీటర్ల నీళ్లు పడితే, తయారీ చివర రెండు లీటర్లు తిరిగి వస్తాయి. ఆ నీళ్లలో ఆల్కహాల్, ఆమ్లాల జాడలుంటాయి కాబట్టి శుద్ధి చేసి వాడుకోవాలి. ఆవిరి చేసి చల్లబరిచే కూలింగ్ టవర్లు పెడితేనే నీటి ఖర్చు పెరుగుతుంది.

తర్వాతి మెట్టులో కార్బన్ డయాక్సైడ్‌ను కార్బన్ మోనాక్సైడ్‌గా మార్చాలి. 800 డిగ్రీల పైన నడపాలి, లేకపోతే మీథేన్ పుట్టుకొస్తుంది. అంత వేడి వాయువును బయటకు తెచ్చి చల్లార్చేటప్పుడు 800 నుంచి 450 డిగ్రీల మధ్య ప్రాంతం ప్రమాదం. అక్కడ ఆలస్యమైతే వాయువులోని కార్బన్ లోహంలోకి దిగి, దాన్ని లోపలి నుంచే పొడిగా రాలుస్తుంది. గట్టి స్టీలు గొట్టం గోడలో గుంటలు పడి, బూడిదలాంటి పొడి కింద చేరుతుంది. అందుకే ఆ ప్రాంతాన్ని చప్పున దాటించేలా బాయిలర్ కట్టాలి.

ఇలా వచ్చిన వాయువు ఫిషర్-ట్రాప్ష్ రియాక్టర్‌లోకి పోతుంది. 200 నుంచి 240 డిగ్రీలు, 20 నుంచి 30 బార్ పీడనం, కోబాల్ట్ ఉత్ప్రేరకం. ఈ చర్య వేడి పుట్టిస్తుంది: కిలో ఇంధనానికి మూడు యూనిట్లకు పైగా. ఆ వేడి తీసేయడమే సగం విద్య. ఉత్ప్రేరకాన్ని అంగుళం వెడల్పు గొట్టాల్లో నింపి, చుట్టూ నీళ్లు మరుగుతూ ఉండేలా చూస్తారు. ఆవిరి పీడనం నిలకడగా ఉంటే ఉష్ణోగ్రత నిలకడగా ఉన్నట్టే. గొట్టంలో ఎక్కడైనా ఒక్కచోట వేడి పెరిగితే అక్కడ మీథేన్ ఎక్కువవుతుంది. మీథేన్ తయారీ ఇంకా వేడి పుట్టిస్తుంది, అది మరింత మీథేన్‌ను తెస్తుంది. నిమిషాల్లో గొట్టంలో వేడి అదుపు తప్పుతుంది. గంధకం కోబాల్ట్‌కు విషం, అదీ వంద కోట్ల పాళ్లలో పదుల పాళ్లున్నా చాలు. ముందు వాయువును జింక్ ఆక్సైడ్ నింపిన పాత్ర గుండా పంపితే గానీ ఉత్ప్రేరకం బతకదు.

ఈ రియాక్టర్‌ను 'నాకు డీజిల్ మాత్రమే ఇవ్వు' అని అడగడం కుదరదు. కార్బన్ గొలుసు ఒక్కో లంకె చొప్పున పెరుగుతుంది. ప్రతి అడుగులో పెరిగే అవకాశం 90 శాతం ఉంటే బరువులో 8 శాతం వంటగ్యాసులాంటి తేలిక వాయువులు, సుమారు 40 శాతం గట్టి మైనం వస్తాయి. విమాన ఇంధనానికి సరిపోయే భాగం మూడో వంతు కూడా రాదు. అందుకని కావాలనే మైనం ఎక్కువ వచ్చేలా నడిపి, తర్వాత దాన్ని హైడ్రోజన్‌తో విరగ్గొడతారు. చిన్న ప్లాంటు కట్టేవారు మైనం విరగ్గొట్టే ఈ చివరి విభాగం ఖర్చు మరిచిపోతుంటారు. మంచి ప్లాంటుకు గుర్తు ఏమిటంటే, ఇక్కడి ఆవిరిని వృథా చేయకుండా, ఆవిరినే విడగొట్టే ఘన ఆక్సైడ్ యంత్రానికి ఇస్తుంది. అప్పుడు కిలో హైడ్రోజన్‌కు కరెంటు 40 యూనిట్ల దగ్గరకు దిగుతుంది. 700 డిగ్రీల పైన పనిచేసే ఆ సెరామిక్ పలకలు మాటిమాటికీ చల్లారి వేడెక్కితే పగులుతాయి. వాటిని ఆపకుండా నడపగలిగితేనే ఈ లాభం.

మిథనాల్ దారి కాస్త సులువు. రాగి, జింక్ ఉత్ప్రేరకం మీద 220 నుంచి 270 డిగ్రీలలో, 50 బార్ పైన కార్బన్ డయాక్సైడ్‌నే నేరుగా వాడవచ్చు. ఐస్‌లాండ్‌లో స్వార్ట్‌సెంగి దగ్గరి ప్లాంటు భూగర్భ ఉష్ణ కేంద్రం వదిలే వాయువుతో ఈ పనే చేసింది. ఏడాదికి నాలుగువేల టన్నుల సామర్థ్యం. ఒక్కసారి పంపితే వాయువులో కొంతే మారుతుంది కాబట్టి మిగిలింది తిప్పి తిప్పి పంపాలి. తెచ్చిన కార్బన్ డయాక్సైడ్‌లో ఒక్క శాతం నత్రజని ఉన్నా అది బయటకు పోయే దారిలేక లోపలే పేరుకుంటుంది. దాన్ని వదిలించడానికి కొంత వాయువు బయటకు వదిలితే, అంత ఖర్చు పెట్టి తీసిన హైడ్రోజన్ కూడా వెంట పోతుంది. మిథనాల్ నుంచి పెట్రోలు చేసే పద్ధతిని న్యూజిలాండ్‌లోని మోటునుయి ప్లాంటు 1985లోనే పెద్ద ఎత్తున నడిపి చూపింది. అందులో డ్యూరీన్ అనే పదార్థం పుడుతుంది. అది 79 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. మోతాదు మించితే చల్లటి ఉదయాన ఇంజిన్‌కు ఇంధనం పోయే సన్నదారుల్లో స్ఫటికాలు కట్టి అడ్డం పడుతుంది. పెట్రోలులోని బరువైన భాగాన్ని విడిగా శుద్ధి చేసి ఆ బెడద తీర్చారు.

'ఉన్న బండిలో ఉన్నట్టే పోసుకోవచ్చు' అన్న ప్రచారంలో కూడా కొంత జాగ్రత్త అవసరం. సింథటిక్ డీజిల్‌లో గంధకం ఉండదు, ఆరోమాటిక్స్ (బెంజీన్ తరహా వలయాకార హైడ్రోకార్బన్లు) ఉండవు, డీజిల్ ఎంత చురుగ్గా అంటుకుంటుందో చెప్పే సీటేన్ సంఖ్య 70 పైనే. మండటం బాగుంటుంది, మసి తగ్గుతుంది. కానీ పంపులోని లోహ భాగాలకు జారుడు చాలదు కాబట్టి జారుడునిచ్చే రసాయనం కలపకుండా వాడకూడదు. ఇంకొకటి నైట్రైల్ రబ్బరు రింగులు. ఏళ్ల తరబడి మామూలు డీజిల్‌లో నానిన రింగు ఆరోమాటిక్స్ పీల్చుకుని కొద్దిగా ఉబ్బి, ఆ ఉబ్బుతోనే జాయింటును బిగించి ఉంచుతుంది. ఒక్కసారిగా సింథటిక్ డీజిల్ పోస్తే ఆ ఆరోమాటిక్స్ బయటకు వచ్చి రింగు కుంచించుకుపోతుంది. నిన్నటిదాకా పొడిగా ఉన్న జాయింటు దగ్గర చెమ్మ కనిపిస్తుంది. ఇంధనం చెడ్డదని కాదు, పాత రింగులు మార్చి మొదలుపెట్టాలి. విమానాల్లోనూ ఇదే కారణం. అందుకే ఫిషర్-ట్రాప్ష్ విమాన ఇంధనాన్ని గరిష్ఠంగా 50 శాతమే కలపనిస్తున్నారు, మిశ్రమంలో కనీసం 8 శాతం ఆరోమాటిక్స్ ఉండాలంటున్నారు. ఇంజిన్‌లో గాలి వేడెక్కినప్పుడు పుట్టే నత్రజని ఆక్సైడ్లు మాత్రం ఏ ఇంధనం పోసినా పుడతాయి. నగరాల గాలికి సింథటిక్ పెట్రోలు మందు అనుకోవద్దు.

ఇంత చెప్పి దీన్ని వద్దనడం మా ఉద్దేశం కాదు. కిలో విమాన ఇంధనంలో 12 యూనిట్ల శక్తి ఉంటే, కిలో లిథియం బ్యాటరీలో పావు యూనిట్. సముద్రాలు దాటే విమానానికి బ్యాటరీ దారి లేదు. అక్కడ సింథటిక్ కిరోసిన్ నిజంగా అవసరం. దూరం పోయే ఓడలకు మిథనాల్ సరిపోతుంది. 2023లో మిథనాల్‌తో నడిచే తొలి కంటైనర్ ఓడ నీటిలోకి దిగింది. ట్యాంకు రెట్టింపుకు మించి పెద్దది కావాలి, మంట పగటివేళ కంటికి సరిగా కనబడదు కాబట్టి నిఘా పరికరాలు వేరుగా ఉండాలి, అంతే. యూరోపియన్ యూనియన్ విమానాల ఇంధనంలో సింథటిక్ వాటాను 2030 నుంచి 1.2 శాతంగా, 2050కి 35 శాతంగా తప్పనిసరి చేసింది.

అందుకు తగ్గ తయారీ ఇంకా లేదు. చిలీ దక్షిణ కొసన పుంటా అరెనాస్ దగ్గర 2022 డిసెంబరులో మొదలైన హరు ఓని ప్లాంటుకు ఎడతెగని గాలి ఉంది. దాని సామర్థ్యం ఏడాదికి 1,30,000 లీటర్ల పెట్రోలు. ఒక్క బోయింగ్ 777-300ఈఆర్ ట్యాంకుల్లో పట్టేది సుమారు 1,81,000 లీటర్లు. ఏడాది పొడవునా తిరిగిన గాలిమర ఒక్క విమానాన్ని ఒక్కసారి నింపేంత ఇంధనం కూడా ఇవ్వలేదు. ఇంత తక్కువగా దొరికేదాన్ని, ఇంకో దారి ఉన్న కార్లలో పోసి తగలబెట్టడం మాకు బాధగా ఉంది. పాత ఇంజిన్లను ఇంకొన్నేళ్లు అమ్ముకోవడానికి 'ఎలాగూ సింథటిక్ పెట్రోలు వస్తుంది' అని చెప్పేవారి మాట నమ్మి విధానాలు చేస్తే, విమానాలకు మిగిలేది ఏమీ ఉండదు.

ఇకమీదట ఇలాంటి వార్త వేసేటప్పుడు మీ విలేకరులు ప్లాంటువారిని లీటరుకు మొత్తం ఎన్ని యూనిట్లు, కార్బన్ ఏ గొట్టం నుంచి, ఏడాదిలో యంత్రం నిజంగా నడిచింది ఎన్ని గంటలు అని అడిగి, ఆ అంకెలు శీర్షిక కిందే అచ్చువేయాలని కోరుతున్నాం. సౌర ఫలకాలు చూపించే ప్లాంటైతే ఇంకొక్క ప్రశ్న: రాత్రి రెండు గంటలకు ఈ రియాక్టర్ దేనితో నడుస్తోంది?

ఇట్లు,
ఇంధన రసాయన రంగంలో పనిచేస్తున్న మీ పాఠకులు